ఎవరు పోయమన్నారు

సూర్యాపేట
మార్చి 3

పొద్దున గాలి చల్లగా ఉంది, పది దాటాక ఎండ. దొడ్డి ఊడ్చాను. గేటు ముందు తొట్టి మీ పెద్దమ్మ నింపింది.

రజనీ,

ఫోన్‌లో నువ్వు అడిగినదానికి జవాబు రాస్తున్నాను. ఫోన్‌లో నేను ఊ అంటే నువ్వు సరే అన్నాననుకుంటావు, మీ నాన్న మహేశ్వర్ కాదన్నాననుకుంటాడు, తర్వాత ఇద్దరూ నా మీదికి వస్తారు. కాగితం మీదైతే అన్న మాట అన్నట్టే ఉంటుంది.

మా గొర్రెల పెంపకందార్ల సంఘం ఏటా బస్సు మాట్లాడుకుని యాత్రకు పోయే సంగతి నీకు తెలుసు. ఈసారి అన్నవరం, సింహాచలం. లెక్కలు రాసేది నేను గనక బస్సు ఎక్కడ ఆగాలో కూడా నేనే చెప్తాననుకుంటున్నావు. నేను లెక్కలు మాత్రమే రాస్తాను. బస్సు ఎక్కడ ఆగాలో గొంతు పెద్దగా ఉన్నవాళ్ళు చెప్తారు. అయినా నీ మాట సంఘంలో పెట్టాను. భీమిలి దగ్గర మా తమ్ముడి బిడ్డ పనిచేస్తుంది, అక్కడ సముద్రం ఒడ్డున రాళ్ళున్నాయి, వాటి మీద బతికే జీవాలను చూపిస్తుందట అన్నాను.

"రాళ్లు సూడనీకి గంత దూరం పోవాల్నా పటేలా? మన గుట్ట మీద లెవ్వా?" అన్నాడు హర్యా. తండా మనిషి, రోజూ మన గేటు ముందు నుంచే మందను తోలుకుపోతాడు. అందరూ నవ్వారు. నవ్వాక ఒప్పుకున్నారు. మాకు అది మామూలే.

కాని నువ్వు చెప్పిన రోజు అమావాస్య. "అమాస నాడు నేను బస్సెక్క. ఎక్కిచ్చినా నడుమ దిగుత" అని మీ పెద్దమ్మ తేల్చేసింది. మిర్యాలగూడ నుంచి వచ్చేవాళ్ళదీ అదే మాట. అమావాస్యకూ పున్నమికీ సముద్రం బాగా వెనక్కు పోతుందని నువ్వే అన్నావు గదా. పున్నమికి మార్చు.

ఇంకొకటి. రాళ్ళ దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళకు చెప్పటం కూడా ఉద్యోగమేనా అని మీ నాన్న కోదాడ నుంచి పదేపదే ఫోన్ చేసి నన్ను అడుగుతున్నాడు. అడగాల్సింది నిన్ను. నువ్వు రాస్తే చదివి వినిపిస్తాను.

సైదులు


భీమిలి దగ్గర
మార్చి 12

పెద్దనాన్నకు, పక్కన కూర్చుని వింటున్న పెద్దమ్మకు,

ఏప్రిల్ పున్నమి మర్నాటికి మార్చాను. ఆ రోజు మధ్యాహ్నం సముద్రం బాగా దిగుతుంది. ఇక అష్టమి, నవమి అని ఎవరైనా అంటే నేనే సూర్యాపేట వచ్చి బస్సు తోలుకుపోతాను.

ఉద్యోగం సంగతి. ఉద్యోగమే నాన్నా, అని చెప్పు. ఏడాది వరకే, మే నెలాఖరుకు అయిపోతుంది. ఇక్కడ మంచి ఫలితం కనిపిస్తే పొడిగిస్తారు.

సముద్రం వెనక్కు పోయినప్పుడు రాళ్ళ మధ్య గుంటల్లో నీళ్ళు మిగులుతాయి. కొన్ని గుంటలు గిన్నెంత, కొన్ని మన తొట్టంత. వాటిలో పువ్వులాగా విప్పుకునే జీవులు, ఒళ్ళంతా ముళ్ళున్న కాయల్లాంటివి, నక్షత్ర చేపలు, గోరంత ఎండ్రికాయలు ఉంటాయి. సెలవు రోజుల్లో బస్సుల మీద వచ్చినవాళ్ళు రాళ్ళు తిప్పేస్తారు. తిప్పిన రాయిని తిరిగి బోర్లించరు. బతికున్నవాటిని సీసాల్లో వేసుకుని పోతారు, ఊరు దాటేలోపు అవి చచ్చిపోతాయి. బస్సుల నంబర్లు చూస్తే ఎక్కువ మన వైపువే. నాకు తల ఎత్తుకోవటానికి లేదు.

ఈ పల్లెలో ఆడవాళ్ళు ఆ రాళ్ళ మీద ఆలుచిప్పలు ఏరుకుని అమ్ముకుంటారు. వాళ్ళందరికీ పెద్ద నూకరత్నం. ఆమె నాకొక గడువు పెట్టింది. "సూడమ్మా, నువ్వు జనానికి సెప్తానంతన్నావు. సెప్పు. ఒక్క బస్సు తీసుకురా. ఏటీ పాడవకపోతే సరే. పాడైతే ఈ రాళ్ళకి తాడు కట్టేస్తాం. నువ్వు కూడా ఇటు రానక్కర్లేదు." ఆ తాడు పడితే నా పని అక్కడితో సరి. అందుకే మన బస్సును అడిగాను. మన వాళ్ళకే చెప్పలేకపోతే ఇంకెవరికి చెప్తాను.

దీంతో ఒక కాగితం పెట్టాను. బస్సులో నువ్వే చదువు. నేను చెప్తే పిల్ల చెప్తోంది అనుకుంటారు. ఒక్క మాట వదలొద్దు, నీ సొంతం ఒక్క మాట కలపొద్దు.

పెద్దమ్మా, వచ్చేటప్పుడు సకినాలు వద్దు. తెస్తావని తెలుసు కాబట్టి కొంచెమే తే.

రజని


సూర్యాపేట
ఏప్రిల్ 6

ఎండ ముదిరింది. గొర్రెలకు పురుగుల మందు తాగించాను. తొట్టి రెండుసార్లు నింపింది మీ పెద్దమ్మ.

రజనీ,

కాగితం అందింది. బస్సులో తడబడకుండా ఉండాలని ఇంట్లో ఒకసారి పైకి చదివాను. రాళ్ళు తిప్పవద్దు. ఏదీ ఏరవద్దు. గుంటలో కాలు, చేయి పెట్టవద్దు. ప్లాస్టిక్ పడేయవద్దు. చివర రాసింది చదివేసరికి మీ పెద్దమ్మ చేటలో బియ్యం ఏరటం ఆపింది. మధ్యాహ్నం ఎండకు గుంటలో నీళ్ళు వేడెక్కి తగ్గిపోతాయి, లోపలి జీవులు ఒళ్ళు ముడుచుకుని సముద్రం తిరిగి వచ్చేదాకా ఎదురుచూస్తాయి అని రాశావు గదా, అక్కడ.

"ఎంత సేపు సూస్తయి?" అంది.

సాయంత్రం దాకా అన్నాను.

"మండే ఎండల? ఊళ్ళె ఎవ్వరు లేరా?"

నువ్వు కలపొద్దన్నావు గనక నేను ఏమీ కలపలేదు.

ఇంకో తలనొప్పి. సముద్రం దగ్గర నీళ్ళు ఉప్పగా ఉంటాయని, కొనుక్కున్నా నమ్మలేమని సంఘం వాళ్ళ వాదన. నేను లేదన్నాను. మీ నాన్న నా మాట వినకుండా కోదాడలో నీళ్ళ డబ్బాలు పెద్దవి తెప్పించి పెడతానని మాట ఇచ్చేశాడు. ఇక కాళ్ళు పెట్టుకునే చోట డబ్బాలుంటాయి. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని వస్తాము, చూడు.

సైదులు


సూర్యాపేట
ఏప్రిల్ 18

ఎండ, వడగాలి. పాక మీద తాటాకు మార్చాను. తొట్టి సగమే నింపింది.

రజనీ,

వచ్చి నాలుగు రోజులైంది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు, అందుకని రాస్తున్నాను.

నీ కాగితం కోదాడ దాటాక ఒకసారి, తునిలో టీ తాగాక ఒకసారి చదివాను. డ్రైవర్ దానియేలు పాటలు ఆపేశాడు. అందరూ విన్నారు. మన సంఘం మీటింగులో కూడా ఎవరూ అట్లా వినలేదు. రాళ్ళ దగ్గర దిగాక ఒక్కరు రాయి తిప్పలేదు. మిర్యాలగూడ కళ్యాణి ఒక గవ్వ చేతిలోకి తీసుకుంటే మీ పెద్దమ్మే "ఆడ పెట్టు, అది దాని ఇల్లు" అని పెట్టించింది. ఎవరూ గుంటలో కాలు పెట్టలేదు. ఖాళీ డబ్బాలు కూడా వరసగా బస్సు పక్కన పెట్టారు. సగం మందిని నువ్వు అవతలి రాళ్ళకు తీసుకుపోయావు. తిరిగి వస్తూ ఆ డబ్బాలు చూసి "ఎవరు పోయమన్నారు? మిమ్మల్ని ఎవరు పోయమన్నారు?" అని అందరి ముందూ అరిచావు. అరిచింది ఎవరి మీద? కాలేజీ చదివినన్నాళ్ళూ నీకు జడ వేసి పంపిన మనిషి మీద.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బస్సెక్కి కూర్చుంది. అన్నవరంలో ప్రసాదం కూడా నోట పెట్టలేదు.

నీళ్ళు వృథా చేశారని అంత కోపమా? ఆ నీళ్ళు నీవి కావు. కోదాడలో ఎక్కించినవి. ఎండకు ముడుచుకున్నాయని ఆ గుంటల్లో మేము తాగే నీళ్ళే పోశారు, కాళ్ళు కడిగినవి కాదు. తిరుగు దారిలో అన్నవరం దాకా గొంతు ఎండబెట్టుకుని కూర్చున్నాము, పోసినవాళ్ళను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. పరాయివాళ్ళు ఊరుకున్నారు, ఇంటి బిడ్డవు నువ్వు ఊరుకోలేదు.

నువ్వు రాసిన కాగితం మళ్ళీ చదివాను. పోయవద్దని ఎక్కడా లేదు.

సైదులు


భీమిలి దగ్గర
ఏప్రిల్ 24

పెద్దనాన్నా,

నీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. నీళ్ళు వృథా అయ్యాయని నేను అరిచాననుకున్నారా? పది రోజులుగా అదే అనుకుంటున్నారా?

అవి ఉప్పునీళ్ళలో పుట్టి ఉప్పునీళ్ళలో బతికేవి. మంచినీళ్ళు వాటికి పడవు. గుంట చిన్నది, మీ డబ్బాలు పెద్దవి. ఎండకు నీళ్ళు తగ్గటం వాటికి అలవాటే, ముడుచుకుని ఓర్చుకుంటాయి. ఉప్పు ఒక్కసారిగా పలచబడితే ఓర్చుకోలేవు. ఆ సాయంత్రం సముద్రం తిరిగి వచ్చేసరికే ముళ్ళకాయల ముళ్ళన్నీ వాలిపోయాయి. రెండో రోజుకు ఊడి అడుగున పడ్డాయి. నక్షత్ర చేపలు మెత్తబడిపోయాయి. పువ్వులాంటివి కొన్ని మాత్రం మూడో రోజు మెల్లగా విప్పుకున్నాయి. టోపీలాగా రాయిని కరుచుకుని ఉండే గవ్వలు గట్టివి, అవి బతికాయి. మీరు పోసిన గుంటలు అన్నిటికంటే పైవి, పిల్లలు కూడా వంగి చూడగలిగేవి. ఏడాదిగా నేను అందరికీ చూపించేవి అవే.

నూకరత్నం తాడు కట్టేసింది.

కాగితంలో లేదన్నావు. లేదు, నిజమే. జనం చేసే చెడ్డపనులన్నీ గుర్తు తెచ్చుకుని మరీ రాశాను. మంచిపని ఒకటి చేస్తారని నాకు తట్టలేదు. సముద్రం పక్కన పుట్టినవాళ్ళెవరికీ రాని ఆలోచన పెద్దమ్మకు వచ్చింది, దానికి ఏం చేయను? దాహంగా కనిపిస్తే చాలు నీళ్ళు పోయాలా?

ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు. మధ్యలో వదిలేయకు.

రజని


సూర్యాపేట
మే 2

ఎండ. రాత్రి గాలిదుమారం, రేకులు ఎగిరితే పొద్దున మళ్ళీ బిగించాను. తొట్టి ఎండి ఉంది.

రజనీ,

చదివి వినిపించాను. ఒక్క మాట వదలలేదు. వదిలి ఉండాల్సింది.

చివరిదాకా విని లేచి పోయింది. "దాహంగా కనిపిస్తే చాలు నీళ్ళు పోయాలా" అన్న మాట మాత్రం పట్టుకుంది. మర్నాడు హర్యా మంద వచ్చింది. తొట్టిలో చుక్క లేదు. మా అమ్మ ఉన్నప్పటి నుంచి ఎండాకాలం ఆ తొట్టి ఎండిందని లేదు, రోడ్డున పోయే మందలన్నీ అక్కడే ఆగుతాయి. "ఏందమ్మా, నల్లా రాలేదా?" అన్నాడు హర్యా.

"నల్లా వచ్చింది. నీళ్లు పోస్తె జీవాలు సస్తయంట. సదువుకున్న బిడ్డ రాసింది. మా ఆయన సదివి సెప్పిండు."

హర్యా నా వైపు చూశాడు. నేను బిందె పట్టుకుని నల్లా దగ్గరికి పోయాను, నా చేతిలోంచి గుంజుకుంది. "ఆ తొట్టి మా అత్త నాకిచ్చి పోయింది. నీకియ్యలె." తొట్టి కట్టించింది మా నాన్న అని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

ఆమె చంపాలని పోయలేదు. అది నీకు తెలుసు. నువ్వు చెప్పింది నిజమని ఆమెకూ తెలుసు, ముళ్ళు వాలిపోయాయని చదివినప్పుడు ఆమె ముఖం నేను చూశాను. అందుకే ఇంత మొండిగా ఉంది. మీ ఇద్దరి మధ్య నేను తపాలా డబ్బా అయ్యాను. దీనికి తోడు సముద్రం వాళ్ళు కేసు పెడతారట అని మీ నాన్న ఫోన్‌లో ఆమెకు చెప్పాడు. ఎవరు చెప్పారంటే తెలియదంటాడు. ఆ రోజంతా ఆమె గేటు గొళ్ళెం తీయలేదు. కేసు లేదని నువ్వు రెండు ముక్కలు రాయి, పెద్ద అక్షరాలతో.

మందలు ఇప్పుడు చెరువు దాకా నడుస్తున్నాయి. చెరువులో బురదే ఉంది.

సైదులు


భీమిలి దగ్గర
మే 9

పెద్దనాన్నా, పెద్దమ్మా,

కేసు లేదు. ఎవరూ పెట్టలేదు, పెట్టరు. నాన్నకు ఫోన్ చేసి అరిచాను. ఈ మధ్య నాకు అదే పని అయింది.

పెద్దమ్మా, అందరి ముందూ నీ మీద అరవటం తప్పు. అంతవరకే ఒప్పుకుంటాను. చెప్పిన మాట తప్పు కాదు.

నిన్న తాడుకు ఇవతల కూర్చుని నూకరత్నానికి మన తొట్టి సంగతి చెప్పాను. నువ్వు పొద్దున్నే నల్లా కింద బిందె పెట్టటం, మందలు వరసగా ఆగటం, ఇప్పుడు తొట్టి ఎండబెట్టటం, అన్నీ. ఆమె చాలాసేపు నవ్వింది. తర్వాత, "ఇంకా పిచ్చిదనుకున్నాను. పొరుగూరి గొర్రిలకి నీళ్ళెట్టే మనిసా?" అంది. నేను తాడు సంగతి అడిగాను. బస్సులు రావటం ఆగలేదు, జనం తాడు కింద నుంచి దూరి పోతూనే ఉన్నారు, చెప్పేవాళ్ళు లేక ఇంకా పాడవుతోంది. ఆమెకూ తెలుసు.

"నువ్వు సెప్తే పాఠం సెప్పినట్టుంటది, ఎవులూ ఇనరు. పోసినావిడ రావాలి. నేను పోసినాను, ఇలాగైనాది అని ఆవిడ సెప్పాలి. అప్పుడు ఇప్పుతాను" అంది.

నేను అడగలేను. మొన్న అరిచి ఇవాళ రమ్మంటే ఏ ముఖంతో? అందుకే అడగటం లేదు, జరిగింది రాస్తున్నానంతే. ఈ నెలాఖరుకు నా ఏడాది అయిపోతుంది. తాడు అప్పటికీ ఉంటే సామాను సర్దుకుంటాను.

పైన కొన్ని గుంటల్లో కొత్తగా చిన్న చిన్న ఎండ్రికాయలు వచ్చాయి. ఎవరూ తెచ్చి వేయలేదు, సముద్రమే తెచ్చింది. రోజుకు రెండుసార్లు వచ్చి నింపి పోతుంది. ఆ తొట్టి దానిది.

రజని


సూర్యాపేట
మే 17

ఎండ. మందకు కత్తెర వేయించాను. తొట్టి సంగతి కింద రాస్తాను.

రజనీ,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ పెద్దమ్మ "ఊ" అంది. నా మాట నాకే అప్పగించింది. నాలుగు రోజులు అంతే.

మొన్న ఆమె పెళ్ళికని మిర్యాలగూడ పోయింది. మధ్యాహ్నం హర్యా మంద వచ్చి ఎండు తొట్టి చుట్టూ నిలబడి అరుస్తోంది. నల్లా పొద్దున్నే వచ్చి పోయింది. దొడ్లో బోరు ఉంది. దాని నీళ్ళు ఉప్పగా ఉంటాయని, గిన్నెలు కడగటానికి తప్ప వాడమని నీకు తెలుసు. నాకూ తెలుసు. కాని ఎండలో మూగజీవాలు అట్లా నోరు తెరుచుకుని నిలబడితే, ఏ నీళ్ళైతేనేం అనిపించింది. పైపు పెట్టి నింపాను.

పెద్దవి మూతి పెట్టి వెనక్కు తగ్గాయి. పిల్లలు తాగాయి. సాయంత్రానికి రెండు పిల్లలు విరేచనాలు పట్టుకుని కూలబడ్డాయి. హర్యా ఒకదాన్ని చంకన వేసుకుని వచ్చేసరికి మీ పెద్దమ్మ ఆటో దిగుతోంది. పిల్లను చూసింది. తొట్టిని చూసింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"ఎవరు పోయమన్నరు?" అని అరిచింది. రోడ్డు అవతలి దుకాణం వాళ్ళు బయటికి వచ్చారు. "ఎవర్నడిగి పోసినవ్? నీళ్లన్ని ఒక్కటేనా? నా తొట్ల ఉప్పునీళ్లు..."

అక్కడ ఆగిపోయింది.

హర్యా నన్ను చూశాడు, నేను గొర్రెపిల్లను చూశాను. "దాహంగొన్నయని పోసిండమ్మా, పాపం" అన్నాడు హర్యా. ఆ మనిషికి ఎప్పుడు ఊరుకోవాలో తెలియదు.

తొట్టి అడుగున గుడ్డ తీసి నీళ్ళు వదిలేసింది. చీకటి పడేదాకా కొబ్బరి పీచుతో రుద్దుతూనే ఉంది. పట్టుచీర కూడా మార్చుకోలేదు. పిల్లలకు గంజి, మజ్జిగ పట్టించింది. రెండూ లేచి తిరుగుతున్నాయి.

పొద్దున నల్లా కింద బిందె పెట్టి, నా వైపు చూడకుండా అడిగింది.

"మల్ల పున్నమెప్పుడు?"

"మొన్ననే పోయింది."

"అమాస?"

"పై సోమవారం."

బిందె నిండాక ఎత్తి తొట్టిలో పోసింది. "అయితె సోమారం నన్ను బస్సెక్కియ్యి."

అమావాస్య నాడా అన్నాను.

"సముద్రం ఎన్కకు పోయేది గప్పుడేనని నువ్వే సదివితివి గద. దానికి లేని పట్టింపు నాకెందుకు?"

నన్ను రమ్మనలేదు. నువ్వు కూడా వస్తే తొట్టి ఎవరు చూస్తారు అంది. ఇన్నేళ్ళలో ఆ తొట్టి నాకు అప్పగించటం ఇదే మొదలు. బోరు పైపు మాత్రం చుట్టి అటకెక్కించింది.

సైదులు


సూర్యాపేట
మే 28

తెల్లవారుజామున మబ్బు పట్టి విడిపోయింది, ఉక్క. దొడ్డి ఊడ్చాను. మేకకు కాలు వాచింది, పసుపు కట్టాను.

రజనీ,

నిన్న సాయంత్రం నువ్వు ఫోన్ చేస్తే నేను ఊ ఊ అన్నాను గదా, వినలేదనుకోకు. అంతా విన్నాను. అడగాల్సినవి అప్పుడు నోటికి రాలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

ఆమె బస్టాండులో ఖాళీ నీళ్ళ డబ్బా చంకన పెట్టుకుని ఎక్కింది. కండక్టర్ దానికి లగేజీ అన్నాడు. ఎందుకే ఆ డబ్బా అంటే, "నోటితోటి చెప్తె ఎవరింటరు. డబ్బ సూపిస్త. గిదే పోసిన, గిట్ల సచ్చినయి అని చెప్త" అంది. కోదాడలో మీ నాన్న బస్సు దగ్గరికి ఇడ్లీలు తీసుకుని వచ్చి, నేనూ వస్తానన్నాడట. నువ్వొస్తే మళ్ళీ కేసులంటావు, ఇంట్లో ఉండు అందట. ఈ మాట వాడే నాకు చెప్పాడు, నవ్వుతూ.

తాడు దగ్గర నిలబడి డబ్బా ఎత్తి చూపిస్తే నల్లగొండ బస్సువాళ్ళు ఆమెను చూసి మన యాసకే ఆగిపోయారని చెప్పావు. నీళ్ళ సీసాల మూతలు బిగించి లోపల పెట్టుకున్నారన్నావు. నూకరత్నం తాడు విప్పి చుట్టి తన బుట్టలో వేసుకుందన్నావు గాని, ఎప్పటికీ విప్పినట్టా, ఆ పూటకేనా? స్పష్టంగా రాయి. నీ ఏడాది పొడిగిస్తారా లేదా అనేది కూడా. సామాను సర్దుకునేదుంటే ముందే చెప్పు, గది సున్నం వేయించాలి. సర్దుకోకపోతే ఇంకా మంచిది. సున్నం మిగులుతుంది.

పున్నమి దాకా మీ పెద్దమ్మ అక్కడే ఉంటుందని చెప్పింది నువ్వు, ఆమె కాదు. ఆమెను నోటితో నాకు చెప్పమను. ఆ రెండు వారాలూ నేను వండుకునేది నాకే పడదు. సకినాలు ఏ డబ్బాలో పెట్టిందో కూడా అడుగు.

తొట్టి గురించి ఆమె చెప్పి పోయినవన్నీ నాకు గుర్తున్నాయి. ముందు అడుగు రుద్దాలి. నల్లా నీళ్ళే పట్టాలి. పోసేముందు నాలుక మీద వేసుకుని చూడాలి. రెండు రోజులూ అట్లాగే చేశాను, అడిగితే చెప్పు. ఇవాళ నీ ఉత్తరం ముందు పూర్తి చేసి లేద్దామని కూర్చున్నాను. నల్లా వస్తూనే ఉంది, బిందె పొంగిపోతున్న చప్పుడు వినిపిస్తోంది. హర్యా మంద కూడా మలుపు దగ్గరికి వచ్చినట్టుంది, మెడ గంటలు...